ఆకును పోల్చుకునే ముందు గట్టును చూడండి

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ వదిలి రావులపాలెం దగ్గర సొంతూరికి వచ్చేశారు. దొడ్లో ఐదు సెంట్ల మెరక నేల ఉంది, మిగతాదంతా కొబ్బరి తోట. పిల్లలిద్దరు, బాబుకి ఏడేళ్ళు, పాపకి పది నెలలు. వీడియోలు చూసి ముప్పై రకాల మందు మొక్కల జాబితా రాసుకున్నారు. వాటిలో ఏవి పెంచాలి, కాలువ గట్ల మీద ఏవి కోసుకోవచ్చు, ఎలా వాడాలి, మీ వేపచెట్టు మీదికి పాకింది తిప్పతీగేనా అని.

నేను కోనసీమ ఊళ్ళలో ముప్పై రెండేళ్ళు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. టీకాలు వేస్తూ, గర్భిణులను చూస్తూ ఇంటింటికీ తిరిగే ఉద్యోగం. ఎండలో వచ్చానని మజ్జిగ ఇచ్చే ఇల్లాలిని దొడ్లోకి తీసుకెళ్ళమని అడిగి మొక్కలు నేర్చుకున్నాను. ఆ మొక్కలు ఎక్కడ పనికొచ్చాయో చూశాను, ఎక్కడ ప్రాణం మీదికి తెచ్చాయో కూడా చూశాను. అందుకని నా మాట కొందరికి చప్పగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

ముందు ఆ జాబితా సంగతి. ముప్పైలో సగం మొక్కలు మీ తోటలో మీరు నాటకుండానే ఉంటాయి. కుప్పింటాకు, ఉత్తరేణి, నేల ఉసిరి, తుమ్మి, అత్తిపత్తి... తొలకరి పడ్డాక కొబ్బరి చెట్ల మధ్య నడిస్తే కాలికి తగిలేవన్నీ ఇవే. మిగతా సగం కోసం పొద్దున్న కడియపులంక నర్సరీలకు వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. కాబట్టి మన డెల్టాలో మొక్క దొరకడం పెద్ద విషయం కాదు. ఆ మొక్క ఏ నీళ్ళు తాగి పెరిగిందో తెలియడమే పెద్ద విషయం. నా జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి ఏడాదికి ఆరు మొక్కలు పెట్టుకోండి: తులసి, వామాకు, అడ్డసరం, వావిలి, సరస్వతాకు, పసుపు. ఈ ఆరింటినీ పోల్చుకోవడం తేలిక, బతికించుకోవడం తేలిక. మిగతావి ఏడాది తిరిగాక చూద్దాం. ఒక మొక్క మొలకెత్తినప్పుడు ఎలా ఉందో, పూత మీద ఎలా ఉందో, ఎండలకు ఎలా మాడిందో ఒక ఏడాది చూస్తే ఇక అది ఎక్కడ కనిపించినా ఇంట్లో మనిషిని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. ఫోన్లో ఫొటో చూసి పోల్చుకున్నది ఎక్కువ కాలం నిలవదు.

మీది మెరక అన్నారు, అదృష్టం. మా ఇల్లు పల్లంలో. కొత్తలో మృగశిర కార్తె రాగానే ఉత్సాహం కొద్దీ అల్లం, పసుపు, కలబంద నేల మీదే నాటేశాను. శ్రావణమాసానికి పసుపు ఒక్కటే మిగిలింది, అదీ సగం. అల్లం తవ్వితే గుజ్జు, దుర్వాసన. కలబంద ఉడికించిన వంకాయలా తయారైంది. మన ఒండ్రు మట్టి తడిస్తే ముద్ద, ఎండితే రాయి. ఇక్కడ మొక్క చచ్చేది ఎక్కువగా వేరుకు గాలాడకే, నీళ్ళు లేక చచ్చేవి తక్కువ. అందుకే మెరక అయినా సరే జానెడు ఎత్తు మడి కట్టండి. తోట మట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. కొబ్బరి పీచు పొట్టు మీ చుట్టుపక్కల కావలసినంత దొరుకుతుంది, కానీ పచ్చిది తెచ్చి కలపకండి. దాంట్లో వగరూ ఉప్పూ లేత వేళ్ళను కాల్చేస్తాయి. ఒక నెల వానలో నానబెట్టి, కారిన ఎర్రనీళ్ళు పోయాక వాడుకోండి.

నాటే కాలం కూడా చెప్పాలి. పసుపు, అల్లం తొలకరిలోనే. తులసి, వామాకు లాంటివి మాత్రం కార్తీకమాసం తుఫాన్లు దాటాక పెడితే బాగా నిలదొక్కుకుంటాయి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు మీకు బోరు నీళ్ళే గతి. రావులపాలెం దగ్గర ఇబ్బంది ఉండదు గానీ అంతర్వేది వైపు సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఇవేవీ సరిగా రావు.

వామాకు గురించి ఒక్క మాట. మందపాటి, నూగున్న ఆకు, నలిపితే వాము వాసన. కర్పూరవల్లి అనేదీ దీన్నే. వాము గింజలు కాసే మొక్క ఇది కాదు, అది పూర్తిగా వేరే జాతి, వాసన మాత్రమే కలిసింది. వేలెడు కొమ్మ విరిచి గుచ్చితే వారంలో వేరు పోసుకుంటుంది. సగం ఎండ, సగం నీడ, నీళ్ళు తక్కువ. వావిలి ఇంకా మొండిది, చిటికెన వేలు లావున్న కొమ్మను కంచె పక్క దిగేస్తే చాలు, రెండేళ్ళలో మీరే నరుక్కుంటారు. ఆకు అరచేతిలా మూడు గానీ ఐదు గానీ వేళ్ళుగా ఉంటుంది, అడుగు తెల్లగా ఉంటుంది. ఎండిన ఆకు బియ్యం డబ్బాలో వేస్తే పురుగు తగ్గుతుంది, నాకు దాని వల్ల జరిగిన అన్నింటికన్నా పెద్ద మేలు అదే.

సరస్వతాకు ఒక్కదానికే తడి కావాలి. మన ఇళ్ళలో దీన్ని అలవాటుగా గిన్నెలు తోమే చోటు పక్కన పెడతారు. బాగా పాకుతుంది, నిజమే. కానీ అది తాగేది సబ్బు నీళ్ళు, ఎంగిలి నీళ్ళు. పచ్చడి చేసుకుని పచ్చిగా తినే ఆకు అది. వెడల్పాటి తొట్టిలో పెట్టి మంచినీళ్ళు పోయండి. అడుగున పళ్ళెం పెడితే రెండు రోజులకోసారి నీళ్ళు పారబోయండి. వారం పది రోజులు నిలవ ఉంటే డెంగీ దోమను పెంచుకున్నట్టే. మందు మొక్కల కుండీల కింద దోమ పిల్లలు ఈదుతుంటే చూసి తల పట్టుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. ఇంకో సంగతి, బ్రాహ్మి అని నర్సరీలో ఒక్కోచోట ఒక్కో మొక్క ఇస్తారు. గుండ్రటి, కప్ప పాదంలాంటి ఆకు ఉన్నది సరస్వతాకు. చిన్న చిన్న దళసరి ఆకులతో నేల మీద పాకి తెల్లటి పూలు పూసేది నీరు బ్రాహ్మి, దాని శాస్త్రీయ నామం బకోపా. రెండూ ప్రమాదం లేనివే, కానీ రెండూ ఒకటి కావు.

ఇక గట్ల మీద కోసుకోవడం. మీరు ఎక్కువ రాసింది దీని గురించే, నేను ఎక్కువ భయపడేదీ దీని గురించే.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ నేలంతా కాలువల మీద బతుకుతోంది. పంట కాలువ నీళ్ళు తెస్తుంది, మురుగు కాలువ తీసుకుపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు రెండూ ఒకేలా కనబడతాయి. పొన్నగంటి కూర రెండింటి గట్ల మీదా అంతే నిగనిగలాడుతూ పెరుగుతుంది, నిజానికి మురుగు కాలువ పక్కనే ఎక్కువ పచ్చగా ఉంటుంది. అందులోకి పొలాల్లో కొట్టిన పురుగుమందు వస్తుంది, రొయ్యల చెరువుల నీళ్ళు వస్తాయి, ఊరి మురుగు వస్తుంది. అలాంటి చోట కోసిన ఆకు ఎంత కడిగినా పైనున్నదే పోతుంది, లోపలికి పీల్చుకున్నది పోదు. నీళ్ళు ఏ పక్కకు వెళ్తున్నాయో ఊళ్ళో పెద్దాయన ఎవర్నయినా అడగండి. ఏది కాలువ, ఏది డ్రెయిన్, ఏ బోదె ఎందులో కలుస్తుందో అరగంటలో చెప్పేస్తారు. మూలికల పుస్తకం కొనేముందు ఆ అరగంట ఖర్చు పెట్టండి.

పొలం గట్లు ఇంకో రకం తంటా. సార్వాలోనూ (వానాకాలం వరి) దాళ్వాలోనూ (రెండో పంట) గట్ల మీద కలుపు మందు కొడతారు. కొట్టిన వెంటనే గడ్డి మాడదు, ఎర్రబడటానికి వారం పది రోజులు పడుతుంది. ఆ వారంలో మీరు వెళ్ళి పచ్చగా ఉందని గుంటగలగర కోసుకొస్తే చెప్పేవాళ్ళెవరు? కాబట్టి చేను ఎవరిదో తెలియని గట్టు మీద ఆకు ముట్టుకోవద్దు. తెలిస్తే, "బాబాయ్, ఈ మధ్య ఏమైనా కొట్టారా?" అని ఒక్క మాట అడగండి. నవ్వుతారు, అయినా నిజం చెబుతారు.

మీ తోటలో కోసుకోవడమే ఉత్తమం. అక్కడా ఒక చూపు చూడాలి. కొబ్బరికి తెల్లదోమ పడితే పైనుంచి జిగురు కారి, కింద ఉన్న ప్రతి ఆకు మీదా నల్లటి మసి పేరుకుంటుంది. అలాంటి చెట్టు కింద ఆకు వద్దు. చెట్లకు పురుగుమందు వేసి ఉంటే ఆ చుట్టుపక్కల కొన్ని నెలలు వదిలేయండి. గోదావరి మధ్య లంక భూముల్లో బంధువులుంటే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు గానీ వరద తీశాక వెంటనే వద్దు. 2022 జులైలో వచ్చినట్టు వరద ముంచి వెళ్ళాక ఆకుల మీద ఉండేది ఒండ్రు ఒక్కటే అనుకోకండి, పైనున్న ఊళ్ళన్నిటి మరుగుదొడ్లూ పశువుల పాకలూ కడిగిన నీళ్ళవి. పాతాకు రాలి కొత్త చిగురు వచ్చేదాకా ఆగండి.

ఆకులు పోల్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, నేనయితే వినాయక చవితి పత్రితో మొదలుపెట్టమంటాను. మీ బాబుతో కలిసి 21 రకాలూ ఏరండి, బజార్లో కట్ట కొనకండి. ఉత్తరేణి, వావిలి, తులసి, మామిడి, రావి, జమ్మి, మారేడు, దానిమ్మ, రేగు, మరువం అన్నీ చేతిలోకి వస్తాయి. అసలు పాఠం ఇంకొకటి. ఆ ఇరవై ఒక్కటిలోనే ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. దేవుడికి పెట్టే ఆకు కదా అని కడుపులోకి పనికిరాదు. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లవాడు నోరెండి, కళ్ళు పెద్దవై, ఏదేదో పలవరిస్తాడు. గన్నేరు గుండెను పట్టుకుంటుంది, పచ్చ పూల గన్నేరు కాయలు మరీ. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. ఏడేళ్ళ బాబుకి మందు ఆకుల కన్నా ముందు ఈ మూడూ చూపించండి, కంచెల మీద ఎర్రగా నల్లగా మెరిసే గురివింద గింజలు కూడా. పత్రిలోనే ఇంకో మోసం ఉంది. మాచీపత్రి అనుకుని వయ్యారిభామ కోసుకొచ్చేవాళ్ళున్నారు, చీలికల ఆకు చూపుకి దగ్గరగానే ఉంటుంది. మాచీపత్రి ఆకు అడుగున తెల్లటి నూగు, నలిపితే ఘాటైన సువాసన. వయ్యారిభామ నలిపితే చేతులకు దద్దుర్లు వస్తాయి, కొందరికి ఆయాసం కూడా.

నేనూ ఇలా దెబ్బతిన్నాను లెండి. గుంటగలగర అని పసుపు పూలవి సంచీ నిండా కోసుకొచ్చి నూనె కాచాను. రోడ్ల మధ్య డివైడర్ల మీద, పార్కుల్లో అందానికి పెంచే తీగ మొక్క అది. మనక్కావలసిన గుంటగలగరకు చిన్న తెల్ల పూలు, గరుకు కాడ. కాడ విరిచినా ఆకు నలిపినా కాసేపటికి రసం నల్లబడుతుంది. చేతివేళ్ళు నల్లబడకపోతే అది గుంటగలగర కాదు. ఈ పరీక్ష నాకు చెప్పింది చేలో కలుపు తీస్తున్న ఒక పిల్ల, నా సంచీ చూసి పగలబడి నవ్వాక.

సరైన మొక్కతో చేసిన నూనె కూడా మొదటిసారి బూజు పట్టింది. ఆకులో నీరు పూర్తిగా ఇగరకుండా దించేశాను. పావు లీటరు ఆకు రసానికి అర లీటరు కొబ్బరినూనె పోసి, సన్నటి సెగ మీద, అడుగున మడ్డి ఇసుకలా గట్టిపడేదాకా కాచాలి. తర్వాత దూది ఒత్తి నూనెలో ముంచి వెలిగించండి. చిటపటలాడితే ఇంకా నీరుంది. నిశ్శబ్దంగా మండితే దించుకోవచ్చు. దీంతో జుట్టు కొత్తగా మొలుస్తుందని నేను చెప్పను, తలకు చల్లగా ఉంటుంది, ఆదివారం పొద్దున్న రాసుకోవడానికి హాయిగా ఉంటుంది.

జలుబు దగ్గులకు మీ బాబుకి వామాకు చాలు. రెండు ఆకులు పెనం మీద వాడ్చి పిండితే అర చెంచా రసం వస్తుంది, అర చెంచా తేనెతో రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. లేదంటే శనగపిండిలో ముంచి బజ్జీలు వేసేయండి, మందు తాగనని ఏడ్చే పిల్లలు నాలుగు బజ్జీలు తింటారు. అందులో మందు ఎంత మిగులుతుందో గానీ వానాకాలం సాయంత్రం బాగుంటుంది.

పెద్దవాళ్ళ కఫం దగ్గుకి అడ్డసరం. దీన్ని నేను కాస్త గౌరవంగా చూస్తాను. ఈ ఆకులో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాన్ని ఆధారం చేసుకునే 1960లలో బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది, దాని సంతానమే ఇవాళ దగ్గు సిరప్ సీసాల మీద కనిపించే అంబ్రాక్సాల్. రెండు ముదురు ఆకులు, నాలుగు మిరియాలు, గ్లాసు నీళ్ళు సగమయ్యేదాకా మరిగించి రోజుకి ఒకసారి, మూడు నాలుగు రోజులు. కటిక చేదు. ఒక మెలిక ఉంది: ఇది గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. గర్భిణులు అస్సలు తాగకూడదు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు కూడా వద్దు. ఇంకోటి, దగ్గు రెండు వారాలు దాటితే ఏ ఆకూ వద్దు, పీహెచ్‌సీకి వెళ్ళి కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. టీబీ పరీక్షా మందులూ ఉచితమే. అడ్డసరం తాగుతూ మూడు నెలలు గడిపేసి, అప్పటికి ఇంట్లో ఇంకొకరికి అంటించిన మనిషి నాకు తెలుసు.

వావిలాకు ఒళ్ళు నొప్పులకు, బాలింతల స్నానానికి. నాలుగు గుప్పెళ్ళు నీళ్ళలో మరిగించి ఆ నీళ్ళు బకెట్లో కలుపుకుంటే చాలు. ముసుగేసి ఆవిరి పట్టడం పెద్దవాళ్ళకే. మరుగుతున్న గిన్నె ఒలికి కాలిన పసిపిల్లల్ని చూశాక నేను ఏ ఇంట్లోనూ పిల్లల చేత ఆవిరి పట్టించనివ్వలేదు.

పసుపు సొంతంగా పండించుకుంటే రంగు కలపని పసుపు తింటున్నామన్న తృప్తి ఉంటుంది. తొలకరిలో నాటితే ఎనిమిది తొమ్మిది నెలలకు, మాఘమాసం చివర ఆకు ఎండి పడిపోయాక తవ్వాలి. కొమ్ములు ఉడికించి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. విరిస్తే టక్కుమనాలి.

ఎండబెట్టడం అంటే గుర్తొచ్చింది. మన గాలిలో చెమ్మ ఎక్కువ. సంక్రాంతి నుంచి ఉగాది దాకా తప్ప ఆకు సరిగా ఎండదు. నీడన, పల్చటి పాత పంచె మీద పరచి, పిడికిట్లో నలిపితే గలగల పొడి అయ్యేదాకా ఉంచాలి. వానాకాలంలో ఎండబెట్టి డబ్బాలో పెట్టిన ఆకు నెలకే బూజు పడుతుంది. ఆ కాలంలో పచ్చాకు ఎటూ ఉంటుంది, ఎండబెట్టే పనేం ఉంది?

మీ జాబితాలో నల్లేరు ఉంది. పచ్చడి బాగుంటుంది గానీ చేతులకు నూనె రాసుకోకుండా కణుపులు తీశారంటే రాత్రంతా గోక్కుంటారు. లేత కొసలే తీసుకుని, నూనెలో బాగా వేయించి, చింతపండు కాస్త ఎక్కువే వేయండి, లేకపోతే గొంతు దురద. కుప్పింటాకు గజ్జికి ఉప్పుతో నూరి పైన రాసేవాళ్ళున్నారు, అది సరే, లోపలికి మాత్రం ఇవ్వొద్దు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్ళకు అది నెత్తురులోని ఎర్రకణాలను పగలగొడుతుంది, ఎవరికి తక్కువో ఎవరికి తెలుసు?

రణపాల రాళ్ళకు, నేల ఉసిరి కామెర్లకు అని రాసుకున్నారు. ఇవి రెండూ ఒకచోటే చెబుతాను. కిడ్నీలో చిన్న రాయి నీళ్ళు బాగా తాగితే చాలాసార్లు తనంతట తనే పడిపోతుంది, పేరు రణపాలకు వస్తుంది. ఆ మొక్కలో గుండె మీద పనిచేసే పదార్థాలు ఉన్నాయి, ఎక్కువ మేసిన పశువులు చచ్చిపోయాయి. కామెర్లూ అంతే. మన దగ్గర పిల్లలకు వచ్చేది ఎక్కువగా నీళ్ళ ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, ఆ వారాల్లో ఎవరు పసరు పోస్తే వారిది మంచి హస్తవాసి అవుతుంది. నేల ఉసిరి హెపటైటిస్-బి వైరస్ మీద పనిచేస్తుందని 1988లో మద్రాసు వైద్యులు ఒక పరీక్ష ఫలితం ప్రకటిస్తే చాలా ఆశపడ్డారు, తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. అయితే కామెర్లన్నీ ఒక రకం కాదు. గర్భిణికి హెపటైటిస్-ఇ వస్తే ప్రాణాపాయం. ఏడో నెలలో కళ్ళు పచ్చబడిన ఒకమ్మాయిని పసరు కోసం పక్క ఊరికి తిప్పి, ఐదో రోజు ఆసుపత్రికి తెచ్చారు. ఆ ఐదు రోజుల గురించి ఇక రాయను.

పదినెలల పాపకి మాత్రం ఏమీ వద్దు. వస రుద్ది నాకించమని మీ అత్తగారి వైపు వాళ్ళు అంటారు, మా ఇంట్లోనూ అన్నారు. మాటలు బాగా వస్తాయని నమ్మకం. వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. దాని వల్లే అమెరికాలో 1968లో వసను తిండి పదార్థాల్లో వాడకుండా నిషేధించారు. నాకిన పసిపిల్లలు మత్తుగా పడుకోవడం, వాంతులు చేసుకోవడం నేను చూశాను. ఏడాది నిండేదాకా తేనె కూడా వద్దు, కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయొద్దు. పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా ఎలా అంటారా? "డాక్టరు గారు వద్దన్నారండి" అనండి. ముప్పై రెండేళ్ళు ఎంతోమంది కోడళ్ళకు ఆ అబద్ధం నేనే నేర్పాను, కావాలంటే ఏఎన్ఎం చెప్పిందని నా మీద తోసేయండి.

పాము కరిస్తే ఆకు లేదు, వేరు లేదు, మంత్రం లేదు. కరిచిన చోట కోయకుండా, కట్టు బిగించకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా బండి ఎక్కించాలి. విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది. కుక్క కరిచినా అంతే, సబ్బుతో పావుగంట కడిగి టీకాకి వెళ్ళాలి. జ్వరంలో బొప్పాయి ఆకు రసం తాగాలనుకుంటే తాగండి, కానీ డెంగీలో జ్వరం తగ్గిన రోజు నుంచే అసలు ప్రమాదం మొదలవుతుందని మరిచిపోకండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు కనిపిస్తే రసం గ్లాసు కింద పెట్టి బయల్దేరాలి.

చివరగా మీ వేపచెట్టు మీది తీగ. ఫొటో పెట్టారు గానీ ఫొటో చూసి అవునని చెప్పలేను. హృదయాకారం ఆకు ఉన్న తీగలు మన దగ్గర నాలుగైదు ఉన్నాయి. కంచెల మీద పాకే దూసరి తీగ ఆకును నలిపి నీళ్ళలో వదిలితే కాసేపటికి జెల్లీలా గడ్డకడుతుంది, చిన్నప్పుడు మేం దాంతో ఆడుకునేవాళ్ళం. తిప్పతీగ అలా కట్టదు. బొటనవేలు లావు కాడ చూసుకుని గోటితో గీకండి. పైన కాగితంలా లేచే పల్చటి పొర, దాని కింద పచ్చటి తోలు ఉండాలి. అడ్డంగా కోస్తే బండి చక్రం చువ్వల్లా గీతలు కనిపించాలి. కాడ పొడవునా మొటిమల్లాంటి బుడిపెలు ఎత్తుగా, దట్టంగా ఉంటే అది దాని దగ్గర చుట్టమైన వేరే జాతి కావచ్చు, అది వద్దు. కోవిడ్ సమయంలో ఊరంతా తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగారు. 2021లో ముంబై వైద్యులు అలా తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. ఆయుష్ శాఖ ఆ మాట ఒప్పుకోలేదు, వాళ్ళు తాగింది తిప్పతీగో కాదో సరిగా తేల్చలేదని అంది. ఎవరిది నిజమైనా, రోజూ తాగాల్సిన అవసరం మీకేం వచ్చిందని అడుగుతాను నేను. షుగర్ మాత్రలు వేసుకునే మీ మామగారు దాన్ని తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు, ఆయనకు ముందే చెప్పండి. ఇంకా అనుమానంగా ఉంటే ఆకు, కాడ, దొరికితే పూతతో సహా ఒక కొమ్మ కాగితంలో చుట్టి, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో గానీ మీ దగ్గరి డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం లెక్చరర్‌కి గానీ చూపించండి. పూత లేకుండా తీసుకెళ్తే పూత వచ్చాక రమ్మంటారు. తిప్పతీగ పూత ఎండాకాలంలో, ఆకులు రాలాక వస్తుంది. అప్పటిదాకా తీగను వేపచెట్టు మీదే ఉండనివ్వండి.